మండువా ఇంటి మరమ్మతు, అమ్మగారి దేవుడి గది: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

కౌశిక ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు), 2023 డిసెంబరు 10

సభ్యులందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక గ్రామం. మా తాతగారు 1934లో కట్టించిన మండువా లోగిలిలో (నడుమ పైకప్పు లేని వాకిలి ఉన్న పెంకుటింట్లో) ఇప్పుడు మా అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. ఆమెకు 86 ఏళ్ళు. ఈ నెల 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్ళో కూడా ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. ఈశాన్యం మూలన ఉన్న దేవుడి గదిలోకి నీరు కారి, పీఠం మీది పటాలు తడిసిపోయాయి. అమ్మగారు సీతారాముల పంచలోహ విగ్రహాలను ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ నడవలో మంచం మీద కూర్చుని ఉన్నారని, ఇంట్లో సాయంగా ఉండే ఆమె ఫోనులో చెప్పింది. హైదరాబాదులో ఉన్న నాకు ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు.

నేను ఉద్యోగ విరమణ చేసి రెండేళ్ళయింది. నేనూ నా భార్యా ఊరికి వెళ్ళిపోయి అమ్మగారి దగ్గరే ఉండాలని నిశ్చయించుకున్నాము. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. నేల మీద కూర్చుంటే లేవలేదు. మరుగుదొడ్డి పెరట్లో, వంటింటి గుమ్మం నుంచి నలభై అడుగుల దూరంలో ఉంది. రాత్రివేళ అమ్మగారు లాంతరు పట్టుకుని అంత దూరం నడుస్తారు. 1998లో గోడలకు సిమెంటు పూత పూయించాము. అది ఇప్పుడు నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పొక్కులు లేచి రాలుతోంది.

అమెరికాలో ఉన్న తమ్ముడు ఇల్లు పడగొట్టి, అన్ని గదులకూ స్నానాల గదులు ఉండేటట్లు డాబా కట్టిద్దామని, ఖర్చులో సగం తాను భరిస్తానని అంటున్నాడు. రాజమహేంద్రవరంలో ఉన్న చెల్లెలు అమ్మ ఎలా అంటే అలా అంటోంది. అమ్మగారు చెప్పింది ఒకే మాట: "కప్పు బాగుచేయించండి, గోడలు బాగుచేయించండి. రాముణ్ణి మాత్రం కదపకండి." 1996 నవంబరు 6 రాత్రి పెనుతుపానులో మా దక్షిణపు కప్పు మీద కొబ్బరిచెట్టు పడినా, వీధిలోని నాలుగు కుటుంబాలు ఈ ఇంట్లోనే తలదాచుకున్నాయి. ఆ రాత్రి అందరినీ దేవుడి గది ముందున్న నడవలోనే కూర్చోబెట్టారు. ఆమె పట్టుదలకు మూలం అక్కడ ఉందని నాకు తెలుసు. ఆ పట్టుదలను నిలబెడుతూనే ముగ్గురు పెద్దవాళ్ళు జారిపడకుండా బతకడానికి ఇంటిని ఎలా మార్చుకోవాలో చెప్పండి.

—

డాలస్ ప్రవాసి, 2023 డిసెంబరు 11

అయ్యా, మీ తమ్ముడి పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి. మాది తణుకు దగ్గర పల్లె. మా పెంకుటిల్లు పడగొట్టించి డాబా కట్టించాను. దూరదేశంలో ఉన్నవాడికి తుపాను వార్త వచ్చిన ప్రతిసారీ మొదట గుర్తొచ్చేది అమ్మ పడుకున్న గది కప్పు. పెంకులు సర్దే మనిషి దొరకక, ఏటేటా బతిమాలుకుంటూ, డబ్బు పంపినా పని జరగక పడిన వేదన నాకు తెలుసు. ఇప్పుడు మా అమ్మ వాన పడితే లేచి గిన్నెలు పెట్టనవసరం లేదు.

మీ అమ్మగారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే మీకూ డెబ్బై ఏళ్ళు వస్తాయి. అప్పుడు ఆ కప్పు మీదికి ఎవరు ఎక్కుతారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే మరమ్మతుకు పూనుకోవాలని నా మనవి.

—

విశ్రాంత ఇంజినీరు, 2023 డిసెంబరు 12

కట్టడాల పనిలో ముప్పై నాలుగేళ్ళు ఉన్నవాడిగా, పాత ఇళ్ళను అభిమానించేవాడిగా కొంచెం విపులంగా రాస్తున్నాను.

మొదట కప్పు. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, వాన నీరంతా మండువాలో పడుతుంది. రెండు కప్పులు కలిసే మూలల్లో పెంకుల కింద రేకు ఉంటుంది. నీరు కారుతున్నది మూలగదిలోనే కాబట్టి, తప్పు పెంకులది కాక తుప్పు పట్టిన ఆ రేకుది అయి ఉండే అవకాశమే ఎక్కువ. పెంకులన్నీ మార్చాలని చెప్పేవారి మాట వినే ముందు ఆ మూల విప్పించి చూడండి. కొత్త రేకు రెండడుగుల వెడల్పుకు తగ్గకూడదు. రెండు వైపులా పెంకుల కిందికి కనీసం ఆరంగుళాలు వెళ్ళాలి. బెంగుళూరు పెంకులు ఒకదానిలో ఒకటి కొరుక్కుని కూర్చునేవి కాబట్టి వేరే అచ్చు పెంకులు వాటిలో ఇమడవు. మీ పెంకు వెనుక ఉన్న ముద్ర చూసి, పడగొట్టిన పాత ఇళ్ళ నుంచి అదే రకం సేకరించుకోండి. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి.

తరువాత కర్ర. వాసాలు గోడలోకి దూరి ఉండే చివరలే ముందు పుచ్చుతాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, లోపలికి దిగితే ఆ వాసం మార్చవలసిందే. చెదలు ఉంటే కప్పు విప్పిన రోజుల్లోనే మందు కొట్టించండి.

గోడల విషయంలో 1998లో జరిగినది ఆ రోజుల్లో ఊరూరా జరిగిన పొరపాటే, అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చి, బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక మరింత పైకి ఎక్కుతుంది. నీటిలోని ఉప్పు పూత వెనుక గడ్డకట్టి దానిని తోసేస్తుంది. సిమెంటు పూతను నాలుగడుగుల ఎత్తు వరకు చెక్కేసి, కొన్ని వారాలు గోడను ఆరనిచ్చి, సున్నంలో ఇసుక, ఇటుక పొడి కలిపి పూయించండి. సున్నాన్ని ముందుగా బాగా నాననివ్వాలి, తొందర పనికిరాదు. పైన ప్లాస్టిక్ రంగు వేయించకండి, వెల్ల వేయించండి.

ఇక శ్లాబు మాట. కొన్నిచోట్ల పాత గోడలు ఉంచి, కప్పు తీసి శ్లాబు వేస్తున్నారు. ఐదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైన బరువు ఉంటుంది. మట్టి అడుసు గోడ మీద అంత బరువు మోపడం ప్రమాదం. కాబట్టి మీకు ఉన్నవి రెండే దారులు: సరిగ్గా మరమ్మతు చేయడం, లేదా పునాది నుంచి కొత్తగా కట్టడం. మధ్యేమార్గం లేదు.

పెద్దవాళ్ళ కోసం చేయవలసినవి: స్నానాల గది తలుపు మూడడుగుల వెడల్పు ఉండి బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోయిన మనిషికి తలుపు అడ్డం పడకూడదు. కమోడు సీటు నేల నుంచి 18 అంగుళాల ఎత్తున ఉండాలి. పట్టుకునే కడ్డీలను మట్టి గోడకు బిగించకండి, కొత్తగా కట్టిన సిమెంటు గోడకే బిగించండి. విద్యుత్తుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. మీ అరుగు రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే, అడుగుకు 12 అడుగుల లెక్కన వాలుబాట 30 అడుగుల పొడవు కావాలి. వీధి అరుగులో కొంత తీసేస్తే దానికి చోటు దొరుకుతుంది. దేవుడి గది గడపను కూడా తీసేయడం మేలు. ఆ వయసులో కాలికి గడప తగలడం చాలా ప్రమాదం.

—

కౌశిక ఒడ్డు, 2023 డిసెంబరు 13

ఇంజినీరుగారికి కృతజ్ఞతలు. వడ్రంగి చేత మూల విప్పించి చూశాము. మీరు చెప్పినట్లే రేకులో రెండు చోట్ల చేయి పట్టేంత కంత ఉంది. ఆ మూలన మూడు తాటి వాసాల చివరలు పుచ్చిపోయాయి. ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పించాము.

గడప మాట అమ్మగారితో అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అరవై ఎనిమిదేళ్ళ నుంచి శుక్రవారం శుక్రవారం ఆ గడపకు పసుపు రాస్తున్నాను" అని మాత్రం అన్నారు. ఇంకేమీ అడగలేకపోయాను. మరొక చిక్కు కూడా వచ్చింది. ఆమె పడకగది పక్కనే ధాన్యపు కొట్టు ఉంది, దానిని స్నానాల గదిగా మార్చడం అన్నిటికంటే సులువు. కానీ ఆ కొట్టుకూ దేవుడి గదికీ మధ్య ఒకటే గోడ. మరుగుదొడ్డి గోడకు ఆనుకుని రాముడి పీఠం ఉండడానికి ఆమె ఒప్పుకోరు. నా మనసూ ఒప్పుకోవడం లేదు.

—

పెద్దకోడలు, 2023 డిసెంబరు 13

అన్నయ్యగారూ, మీరందరూ గోడలను, దేవుణ్ణి, గడపను ఎలా కదపాలా అని ఆలోచిస్తున్నారు. మంచాన్ని కదపవచ్చు కదా అని నాకు అనిపిస్తోంది. మా అత్తగారు తొమ్మిదేళ్ళు నా దగ్గర ఉండి పోయారు. ఆఖరి నాలుగేళ్ళు మంచం దిగడానికి సాయం కావలసి వచ్చింది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పడమటి వైపు గది ఏదైనా ఖాళీగా ఉంటే అమ్మగారి పడక అక్కడికి మార్చి, ఆ గది బయటి గోడకు ఆనుకుని పెరటి వైపున కొత్తగా స్నానాల గది కట్టించండి. కొత్త గోడలు కాబట్టి కడ్డీల చిక్కు కూడా తీరుతుంది. దేవుడి గది ఉన్నచోటనే ఉంటుంది. అయితే మంచం మీద నుంచి ఆమెకు దీపం కనబడుతుందో లేదో తప్పక చూడండి. మా అత్తగారికి గది మార్చినప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. రెండు నెలల పాటు ఆమె సరిగ్గా నిద్రపోలేదు. "రాత్రి మెలకువ వస్తే స్వామి కనబడటం లేదమ్మా" అని ఒకరోజు చెప్పేదాకా కారణం నాకు తెలియలేదు. ఆ మాట ముందే అడిగి ఉండవలసింది నేను.

ఇంకొక మాట. పని మొదలుపెట్టే ముందు ఒక రోజంతా ఆమె పక్కన ఉండి, ఎన్నింటికి లేస్తారు, ఎటు నడుస్తారు, ఎక్కడ చేయి ఆనిస్తారు, ఎక్కడ ఆగుతారు అన్నది గమనించి కాగితం మీద రాసుకోండి. మేస్త్రీకి ఇవ్వవలసిన ప్లాను అదే.

—

గుంటూరు టీచరమ్మ, 2023 డిసెంబరు 15

నేను క్రైస్తవురాలిని, విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మీ చర్చ చదువుతుంటే మా ఇల్లే కళ్ళకు కట్టింది. ఒక చిన్న సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. మీరు బెంగుళూరు పెంకులంటున్న ఆ రకం పెంకులను 1865లో మంగుళూరులో ఒక కర్మాగారం పెట్టి తయారుచేయడం ఆరంభించినది బాసెల్ మిషన్ వారు. ఆ రకం పెంకుల కిందనే మీ సీతారాములు ఇన్నేళ్ళు ఉన్నారని తలచుకుంటే నాకు సంతోషం కలిగింది.

మా ఇంట్లో ప్రతి సాయంకాలం ముందుగదిలో చాప పరుచుకుని కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్ళం. నా భర్త పోయిన తరువాత పిల్లలు ఇల్లు బాగుచేయించి ఆ గదిని ఎంతో అందంగా తయారుచేశారు. పెద్ద సోఫాలు, గోడ నిండా టీవీ వచ్చాయి. ప్రార్థనకు నా పడకగదిలో ఒక మూల ఏర్పాటు చేశారు. వాళ్ళు ప్రేమతోనే చేశారు. కానీ ప్రార్థన ముందుగది నుంచి పడకగదికి వెళ్ళేసరికి అది ఇంటి ప్రార్థన కాకుండా నా ఒక్కదాని ప్రార్థన అయిపోయింది. మనవలు "నానమ్మ ప్రార్థన చేసుకుంటోంది" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళడం మొదలుపెట్టారు. ఏడాదికి నేనే నోరు తెరిచి చెప్పాను. సోఫా ఒకటి తీయించి, మోకాళ్ళూనలేను కాబట్టి నాలుగు కుర్చీలు గుండ్రంగా వేయించాను. ఇప్పుడు మళ్ళీ పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు, పెద్ద మనవడు వాక్యం చదువుతున్నాడు.

అందుకని నా మనవి ఏమిటంటే, అమ్మగారి దేవుడి గదిని నడవలోకి తెరుచుకునే గదిగానే ఉంచండి. దానిని ఆమె సొంత గదిగా మార్చకండి.

—

ఊరి ప్లీడరు, 2023 డిసెంబరు 16

ఒక్క విషయం మాత్రం గుర్తుచేస్తాను. మీ తండ్రిగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటాలో మీ అమ్మగారికి, మీ ఇద్దరు అన్నదమ్ములకు, మీ చెల్లెలికి సమాన హక్కు ఉంటుంది. మరమ్మతుకు ఎవరు ఎంత పెడుతున్నారో, అది రేపు వాటాల్లో లెక్కలోకి వస్తుందో రాదో ఒక కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు చేయండి. మనసులు బాగున్నప్పుడే రాసుకోవలసిన కాగితం అది.

—

స్మార్త గృహస్థు, 2023 డిసెంబరు 17

అమ్మగారి "కదపకండి" అన్న మాట గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. ఆలయంలో ప్రతిష్ఠ చేసిన మూలమూర్తి వేరు, ఇంట్లో పూజించుకునే విగ్రహం వేరు. ఇంటి పూజలో ఆవాహన చేసి, ఉపచారాలు చేసి, చివర మళ్ళీ రావలసిందిగా ప్రార్థిస్తూ ఉద్వాసన చెబుతాము. కనుక పని జరిగే రోజుల్లో విగ్రహాలను శుభ్రమైన మరొక చోట ఉంచి నిత్యపూజ జరుపుకోవడంలో దోషం లేదు. పని పూర్తయ్యాక గది కడిగి, పుణ్యాహవాచనం (మంత్రజలంతో శుద్ధి) చేయించి, తిరిగి పీఠం మీద ఉంచవచ్చు. ఈ సంగతి మీ ఇంటి పురోహితులచేతనే ఆమెకు చెప్పించండి. కొడుకు చెబితే అది సౌకర్యం కోసం చెప్పినట్లు వినబడుతుంది.

ఆమె భయం శాస్త్రం గురించి కాకపోవచ్చు కూడా. పని పేరుతో ఒకసారి కదిపితే పిల్లలు మళ్ళీ అక్కడ పెట్టరేమోనన్నది పెద్దవాళ్ళ లోపలి శంక. ఫలానా తిథికి స్వామి తిరిగి తన గదిలోకి వస్తారని ముందే ముహూర్తం పెట్టి ఆమె చేతికి రాసి ఇవ్వండి. వచ్చే శ్రీరామనవమి ఏప్రిల్ 17న. ఆమెకు అంతకంటే మంచి హామీ ఉండదు.

—

కౌశిక ఒడ్డు, 2023 డిసెంబరు 18

స్మార్త గృహస్థుగారూ, మీ సందేశం చదివి వెంటనే పురోహితులకు ఫోను చేశాను. ఆయన నిన్న సాయంత్రం వెళ్ళి అమ్మగారితో మాట్లాడారు. ఆమె అడిగినది ఒక్కటే: "నవమికి తప్పదు కదా?" సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. పడమటి గది మాటకు కూడా సరేనన్నారు. ఆ గది గుమ్మంలోంచి మండువా మీదుగా చూస్తే దేవుడి గది తలుపు సరిగ్గా ఎదురుగా కనబడుతుంది. పెద్దకోడలుగారికి ఆ విషయం ప్రత్యేకంగా తెలియజేస్తున్నాను.

ఆమె ఇంకా తేల్చనిది ఒకటే. వైద్యుడు నేల మీద కూర్చోవద్దన్నాడు, దేవుడి ముందు కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చోవడానికి ఆమెకు మనసొప్పడం లేదు. నిలబడే పూజ చేస్తున్నారు, పది నిమిషాలకే కాళ్ళు వణుకుతున్నాయి. నా భార్యదీ అదే ఇబ్బంది.

—

కడప నివాసి, 2023 డిసెంబరు 19

అస్సలాము అలైకుం, అందరికీ నమస్కారం. ఇదే బాధ మా నాన్నగారు పడ్డారు. డెబ్బై ఏళ్ళ పాటు సజ్దాలో నుదురు నేలకు ఆనించిన మనిషికి, వెన్ను ఆపరేషను తరువాత కుర్చీలో కూర్చుని నమాజు చేయమంటే అది నమాజు కాదేమోనన్న దిగులు పట్టుకుంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని చేయవచ్చునని మా ధర్మంలో స్పష్టంగానే ఉంది. ఆయనకు అది తెలియనిది కాదు. తెలిసినా, మసీదు ఇమాం సాహెబు ఇంటికి వచ్చి పక్కనే కూర్చుని చెప్పేదాకా మనసు కుదుటపడలేదు.

ఇంటి పనిలో మేము నేర్చుకున్నది వజూ చేసుకునే చోటు గురించి. రోజుకు ఐదుసార్లు ముఖం, మోచేతుల దాకా చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. వాష్ బేసిన్‌లోకి ఒంటికాలి మీద నిలబడి కాలెత్తి కడుక్కుంటూ ఆయన ఒకసారి పడిపోయారు. ఆ తరువాత గోడ పక్కన 18 అంగుళాల ఎత్తున రాతి దిమ్మె కట్టించి, దాని ముందు తక్కువ ఎత్తులో కుళాయి, పక్కన కడ్డీ పెట్టించాము. నేలకు మెరుపు టైల్సు వేయకుండా మా వైపు దొరికే గరుకు రాతి పలకలు పరిపించాము. మీ ఇంట్లో కూడా పూజకు ముందు కాళ్ళు కడుక్కునే అలవాటు ఉంటుంది కదా. ఆ కుళాయి ఎక్కడ ఉంది, తడికాళ్ళతో ఎంత దూరం నడవాలి అన్నది చూసుకోండి.

—

స్మార్త గృహస్థు, 2023 డిసెంబరు 19

కడప సోదరులు చక్కగా చెప్పారు. పూజకు కావలసినది ఆసనం. దర్భాసనమైనా, కంబళి అయినా, చెక్కపీట అయినా ఆసనమే. పీట ఇంత ఎత్తే ఉండాలన్న నియమం ఏదీ నేను వినలేదు. వడ్రంగి చేత కుర్చీ ఎత్తుకు ఒక పీట చేయించండి. కాళ్ళు వేలాడకుండా ముందు చిన్న మెట్టు పలక పెట్టించండి. పీఠాన్ని కూడా ఆ మేరకు పెంచితే స్వామి ఆమె కళ్ళకు ఎదురుగా, ఆమెకంటే కాస్త ఎత్తున ఉంటారు.

—

కౌశిక ఒడ్డు, 2024 జనవరి 18

పండుగకు అందరమూ ఊరు వెళ్ళాము. తమ్ముడు కూడా అమెరికా నుంచి వచ్చాడు. పెద్దకోడలుగారు చెప్పినట్లు నేనూ చెల్లెలూ ఒక రోజంతా అమ్మగారి వెంట నడిచి రాసుకున్నాము. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, నూతి దగ్గర కాళ్ళు కడుక్కోవడం, తులసికోట చుట్టూ మూడు ప్రదక్షిణలు, అక్కడి నుంచి దేవుడి గది గడప దగ్గర ఎడమచేతితో తలుపు చట్రాన్ని పట్టుకుని లోపలికి అడుగు పెట్టడం. ఎన్నో ఏళ్ళుగా చేయి ఆనించిన చోట ఆ చట్రం నున్నగా అరిగిపోయి ఉంది. అరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతున్న నేను దానిని మొదటిసారి చూశాను.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి (జాతరకు) వెళ్ళే ప్రభ, అంటే వెదురుతో కట్టి అలంకరించి దేవుణ్ణి ఉంచి మోసుకెళ్ళే ఎత్తయిన చట్రం, మా వీధిలోంచే వెళుతుంది. అమ్మగారు ఇప్పుడు తోట దాకా రాలేరు కాబట్టి వీధి అరుగు మీద కూర్చునే హారతి ఇస్తారు. ప్రభ మోస్తున్న కుర్రవాళ్ళు అరుగు ముందు ఆగి, ఆమె కళ్ళకద్దుకునే దాకా నిలబడ్డారు. అది చూశాక వాలుబాట కోసం అరుగు తీయాలన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు. తమ్ముడే టేపు తీసుకుని దక్షిణపు సందు కొలిచాడు. 34 అడుగులు ఉంది. ఇంజినీరుగారు చెప్పిన వాలుకు, మధ్యలో నిలబడి సేదతీరడానికి నాలుగడుగుల చదునుకు సరిగ్గా సరిపోతుంది. డాబా మాట వాడు మళ్ళీ అనలేదు. ఏటా పెంకులు సర్దే ఖర్చు తన వంతు అన్నాడు. పక్క ఊళ్ళో తండ్రీకొడుకులు ఈ పని చేస్తున్నారు. ఏటా మే నెలలో వచ్చి చూసేటట్లు వారితో మాట్లాడుకున్నాము.

—

డాలస్ ప్రవాసి, 2024 జనవరి 19

నేను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు వెతికారు, అందుకు సంతోషం. మా పాత ఇంటి ద్వారబంధం ఇంకా మా పెదనాన్నగారి పశువుల పాకలో ఉంది. దానిని తీసుకుని మా డాబాలోని పూజగదికి బిగించవచ్చా అని మా అమ్మను నిన్న అడిగాను. ఆమె గొంతులో వచ్చిన మార్పు విన్నాక, మూడేళ్ళ కిందటే ఎందుకు అడగలేదా అని బాధపడ్డాను.

—

విశ్రాంత ఇంజినీరు, 2024 జనవరి 20

గడప తీసేయమని చెప్పిన నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె చేయి ఆనించే చోటు గురించి మీరు రాసినది చదివి మళ్ళీ ఆలోచించాను. గడప ఐదంగుళాల ఎత్తయితే, గది చిన్నది కాబట్టి లోపలి నేలనంతా నాలుగంగుళాలు పెంచండి. బయట నడవలో గడప దాకా నాలుగడుగుల మేర వాలుగా రాతి పలకలు పరిపించండి. గడప ఒక అంగుళం మాత్రం పైకి కనబడుతుంది. పసుపు రాయడానికి అది చాలు, కాలు తట్టుకోదు. చట్రం అరిగిన చోటనే, అదే ఎత్తున ఇత్తడి కడ్డీ బిగించండి. చేయి అలవాటుగా వెళ్ళేది అక్కడికే.

—

కౌశిక ఒడ్డు, 2024 ఏప్రిల్ 20

పని పూర్తయింది. అనుకున్నదానికంటే మూడు వారాలు ఆలస్యమైంది. గోడలు ఆరడానికి ఇంజినీరుగారు చెప్పినంత సమయమూ పట్టింది. సున్నం పని తెలిసిన తాపీమేస్త్రీ దొరకడం కష్టమైంది. చివరకు డెబ్బై దాటిన ఒక పెద్దాయన వచ్చి, తాను నిలబడి ఇద్దరు కుర్రవాళ్ళ చేత చేయించారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు సున్నంలో కలపడం ఆయన దగ్గరే చూశాను. నీరు ఎంత పోయాలో కొలత చెప్పమంటే, చేతిలోకి ముద్ద తీసుకుని చూపించారు.

ఈ రెండున్నర నెలలూ సీతారాములు ఇల్లు దాటి వెళ్ళలేదు. అమ్మగారే పడమటి గదిలో తన మంచం పక్కన చిన్న బల్ల వేయించి, అక్కడే నిత్యపూజ చేసుకున్నారు. ఉగాది పచ్చడి నైవేద్యం కూడా అక్కడే. 17వ తేదీ ఉదయం పుణ్యాహవాచనం అయ్యాక ఆమె విగ్రహాలను పళ్ళెంలో పెట్టుకుని, మండువా చుట్టి, వాలు పలకల మీదుగా నడిచి, కడ్డీ పట్టుకుని, గడప దాటి లోపలికి వెళ్ళారు. ఎవరి చేయీ పట్టుకోలేదు.

పీట గురించి చెప్పాలి. పుచ్చిన తాటి వాసాలతో పాటు తీసిన వాటిలో ఒక టేకు పట్టె గట్టిగా ఉంది. వడ్రంగి దానితోనే 17 అంగుళాల ఎత్తున వెడల్పాటి పీట చేసి, ముందు కాళ్ళకు పలక అమర్చాడు. ఇద్దరు కూర్చునేంత వెడల్పు ఉండాలని అడిగినది నా భార్య. నవమి నాడు అత్తాకోడళ్ళు ఇద్దరూ దాని మీద పక్కపక్కన కూర్చుని గంటన్నర సేపు పూజ చేశారు. టీచరమ్మగారు చెప్పినట్లు గది తలుపులు రెండూ బార్లా తెరిచి ఉంచాము. పానకం, వడపప్పు కోసం వచ్చిన వీధి పిల్లలు నడవ నిండా కూర్చున్నారు.

ఖర్చు అనుకున్నదానికంటే ఐదో వంతు పెరిగింది. ప్లీడరుగారు చెప్పిన కాగితం మీద నలుగురమూ సంతకాలు చేశాము. కడప సోదరులు చెప్పిన దిమ్మె, కుళాయి నూతి దగ్గర కాకుండా నడవ అంచున, దేవుడి గదికి ఎనిమిది అడుగుల దూరంలో పెట్టించాము.

—

పెద్దకోడలు, 2024 ఏప్రిల్ 21

చాలా సంతోషం అన్నయ్యగారూ. రాత్రిపూట మంచం మీద నుంచి దీపం కనబడుతోందా?

—

కౌశిక ఒడ్డు, 2024 ఏప్రిల్ 21

కనబడుతోందమ్మా. మొదటి రాత్రి తులసికోట కొంచెం అడ్డం వచ్చింది. మంచాన్ని తలవైపు అడుగున్నర జరిపాము. నిన్న తెల్లవారుజామున నేను లేచేసరికి అమ్మగారు ఇంకా నిద్రపోతున్నారు, ముఖం దీపం వైపే ఉంది. ఇక మిగిలినది ఒక్కటే పని. ఆగ్నేయం మూల రేకు కూడా పాతదే, జూన్ వానలకు ముందే మార్పించాలి. అదే అచ్చు పెంకులు ఇంకో అరవై కావాలి. కోనసీమలో ఎవరైనా పాత ఇల్లు విప్పుతుంటే దయచేసి ఇక్కడే తెలియజేయండి.